అన్నం మానెయ్యమన్న మాట

మొన్న ఒక పొద్దున నరసరావుపేట స్టేడియంలో నడుస్తూ ఉంటే, నాకు నాలుగడుగుల ముందు చకచకా పోతున్న ఒక అమ్మాయి ఉన్నట్టుండి గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. మొహం పాలిపోయింది, పై పెదవి మీద చెమట. వెంట ఉన్న స్నేహితురాలు నీళ్లసీసా మూత తిప్పుతూ, "ఏం లేదాంటీ, డైట్ చేస్తంది. మూడు రోజుల్నుంచి అన్నం మానేసింది, అంతే" అని గొప్పగా చెప్పింది. అన్నం మానేసి మరేం తింటున్నావమ్మా అని అడిగితే ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. గేటు బయట బండి దగ్గర గ్లాసుడు రాగిజావ తెప్పించి, తాగిందాకా పక్కన కూర్చుని, ఆటో ఎక్కించి పంపాను గానీ, ఇంటికి వచ్చాక నాకు ఏ పని మీదా చెయ్యి ఆడలేదు. అన్నం మానెయ్యడం అనే ఆ ఒక్క మాట నన్ను ఎనిమిదేళ్లు వెనక్కి ఈడ్చుకుపోయింది. ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పుకోలేదు. ఇది నా ఈడు వాళ్లే చదువుతారు కదా, మీకు చెబితే అర్థమవుతుందనిపించింది.

మాది నూజెండ్ల దగ్గర పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు. నాకు ఏడేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. వాణ్ణి చంకనేసుకుని ఇంటి దగ్గర ఉండే మనిషి కావాలి గనుక నేను బడి గడప తొక్కలేదు. వాడు బడికి పోయే వయసు వచ్చాక, ఆ రోజు పంతులుగారు చెప్పిందంతా సాయంత్రం వాకిట్లో నాపరాతి మీద బొగ్గుముక్కతో రాసి నాకు నేర్పేవాడు. వాడికి తిండి మీద ధ్యాస ఉండేది కాదు, నాకేమో అక్షరాల మీద ఆశ, అందుకని మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది, ఒక అక్షరానికి ఒక ముద్ద. నేను తప్పు రాస్తే మాత్రం ఆరేళ్ల ఆ పంతులు "ఏమే, చెయ్యి చాపు" అని ఈనెపుల్లతో ఒకటి వేసేవాడు. ఈ రోజు నేను దేవుని వాక్యం చదువుకుంటున్నా, ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నా అదంతా వాడి చలవే. అందుకు దేవునికి వందనాలు చెప్పుకోని రోజు లేదు.

ఆ ముద్ద ఎప్పుడో గానీ వరన్నం కాదు. మీకు తెలియనిదేముంది, ఆ రోజుల్లో మెట్ట పల్లెల్లో జొన్నన్నం, సజ్జన్నం, వరిగన్నం, ఇవే. వరన్నం పండక్కో, చుట్టం వచ్చినప్పుడో. అయినా ఏది తిన్నా అన్నమే అనేవాళ్లం. రొట్టె తిని వచ్చినవాణ్ణి కూడా అన్నం తిన్నావా అనే పలకరించేవాళ్లం. అన్నం అంటే మాకు తిండి, అంతే. ఈ సంగతి ఎందుకు ఇంతగా చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

పెళ్లయి నరసరావుపేట వచ్చాను. మా ఆయన బియ్యం మిల్లులో గుమస్తా కాబట్టి ఇంట్లో బియ్యానికి కొదవ లేదు. నేను కుట్టుమిషను ముందు కూర్చుంటే మళ్లీ వంట వేళకే లేవడం. ఇద్దరు పిల్లలు పుట్టి, మూడు పూటలా మల్లెపువ్వులాంటి వరన్నం తింటూ తింటూ ఒళ్లు చేశాను. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు. అమ్మ ఎప్పుడొచ్చినా నా దండచెయ్యి పట్టుకు చూసి, "నా బిడ్డ ఒళ్లు చేసింది, దేవుడు చల్లంగా చూస్తన్నాడు" అని మురిసేది. నేనూ అలాగే అనుకుని ప్రార్థనలో కృతజ్ఞత చెప్పుకునేదాన్ని.

తమ్ముడు చదువుకుని మాచవరంలో బడిపంతులయ్యాడు. పెళ్లి అయింది, ఒక ఆడపిల్ల. నలభై రెండో ఏట కాళ్లు వాచి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చి, చూపిస్తే రెండు కిడ్నీలూ పాడైపోయాయన్నారు. వారానికి మూడుసార్లు నరసరావుపేట వచ్చి డయాలసిస్ చేయించుకునేవాడు. ఇంట్లో ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే నిలబడతాడన్నారు. నాన్న అప్పటికే లేడు, అమ్మకు షుగరు, మరదలి రక్తం గ్రూపు కలవలేదు. నాది కలిసింది. ఆ మాట తెలిసిన రోజు గుంటూరు ఆసుపత్రి మెట్ల మీదే మోకాళ్లూని ఏడ్చాను, సంతోషంతో.

ఆ సంతోషం పక్క గదిలోకి పోయేదాకానే. అక్కడ కాటా ఎక్కించారు. ఐదడుగుల మనిషిని, ఎనభై నాలుగు కిలోలు ఉన్నాను. డాక్టరుగారు కాగితాలు మూసేసి, ఈ బరువు మీద కోస్తే నీకే ముప్పు, మిగిలే ఒక్క కిడ్నీ ఇంత ఒంటిని మొయ్యాలి, పన్నెండు కిలోలు తగ్గి డెబ్బై రెండుకు వస్తేనే తీసుకుంటాం అన్నారు. ఎట్లా తగ్గాలయ్యా అని అడిగితే, తలుపు బయట నిలబడిన జనాన్ని చూస్తూ, "అన్నం మానెయ్యమ్మా, రోజూ నడువు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఆయన చెప్పింది ఒకటి, నేను విన్నది ఇంకొకటి.

మా పక్కింట్లో వరసకు అత్తయ్యే ఒకావిడ అంతకు ముందు నుంచే తగ్గాలని అన్నం మానేసి ఉంది. ఆవిడ మానడం ఎలాంటిదంటే, పొద్దున ఆరు ఇడ్లీ, మధ్యాహ్నం నాలుగు దోసెలు, మాపటికి గిన్నెడు ఉప్మా. "ఏందోనే, మెతుకు ముట్టుకుని రెణ్ణెల్లయింది, ఒక్క కిలో తగ్గితే ఒట్టు. ఈ కాటాలన్నీ దొంగ కాటాలే" అని వాపోయేది. నేను లోపల నవ్వుకున్నాను. ఆవిడలా కాదు, నేను నిజంగా మానేస్తాను అనుకున్నాను. మాకు ఉపవాస ప్రార్థన అలవాటే, ప్రతి శుక్రవారం పొద్దు గూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉండగలిగినదాన్ని, దాన్నే రోజూ చేస్తే అటు దేవుడూ ఇటు డాక్టరూ ఇద్దరూ సంతోషిస్తారని నా బుద్ధికి తోచింది. అన్నం మానెయ్యమన్నారు, మానేశాను. వరన్నమే కాదు, రొట్టె, పప్పు, కూర, గుడ్డు, అన్నీ. పొద్దున గ్లాసుడు పలచటి మజ్జిగ, సాయంత్రం నిమ్మకాయ నీళ్లు. ఎండలు ముదురుతున్న రోజులు, అయినా రెండు పూటలా స్టేడియం చుట్టూ నడక. నీళ్లు తాగితే కాటా మీద తేలుతుందని నీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టుకుని తాగేదాన్ని.

మొదటి పది రోజుల్లో నాలుగు కిలోలు పోయాయి. ఆరు వారాలకు డెబ్బై అయిదుకు వచ్చాను. ఇంకో మూడు కిలోలే కదా అని ప్రాణం లేచొచ్చేది. కళ్లు బైర్లు కమ్మితే, ఒళ్లు బలహీనపడే కొద్దీ ఆత్మ బలపడుతోందని సర్దిచెప్పుకునేదాన్ని. మా ఆయన ఒక రోజు కంచం నా ముందు పెట్టి, "ఏందే ఇది? వాణ్ణి బతికిద్దామనా, నువ్వు పోదామనా?" అని అరిచాడు. తమ్ముడు ఫోను చేసి, "ఏమే అక్కా, ఏం తిన్నావ్?" అని అడిగితే తిన్నాన్రా అని అబద్ధమాడేదాన్ని. వాడిదీ పథ్యమే, తాగే నీళ్లకు కొలత, గోంగూర వద్దు, అరటిపండు వద్దు, పచ్చడి వద్దు. "ఇద్దరం కలిసి ఒక మనిషి తిండి తింటన్నామే" అని నవ్వేవాడు. ఆ నవ్వు మధ్యలో ఊపిరి అందకపోవడం నాకు వినబడేది.

ఏడో వారంలో స్టేడియంలోనే పడిపోయాను. పెదవి చిట్లింది. గుంటూరు తీసుకుపోతే, బరువు చూసి కాదు, రక్తం కాగితం చూసి డాక్టరుగారి మొహం మాడిపోయింది. ఒంట్లో నీళ్లింకిపోయాయి, కండ కరిగింది, కిడ్నీలు చెడు వడపోసే లెక్క తేడాగా ఉంది, ఇప్పుడు తీసుకునే మాటే లేదు, మూడు నెలలు సరిగ్గా తిని వస్తే మళ్లీ అన్ని పరీక్షలూ చేసి అప్పుడు చూస్తాం అన్నారు. తమ్ముడికి ఇస్తానన్న దాన్ని నా చేతులారా నేనే ఎండబెట్టుకున్నాను.

పథ్యం చెప్పే గదిలోకి పంపారు. అక్కడ ఉన్నది మన గురజాల వైపు పిల్లే. ఏం తిన్నావో చెప్పమంటే చెప్పాను. రాస్తున్న కలం పక్కన పెట్టేసింది. "అయ్యో పిన్నీ! అన్నం మానెయ్యమంటే వరన్నం మానెయ్యమని. తిండి మానెయ్యమని ఎవురన్నారు నీకు?" నలభై తొమ్మిదేళ్లుగా నా నోట్లో నానిన మాట, అవసరం పడిన ఒక్క రోజున నాకు అర్థం కాలేదు.

ఆ అమ్మాయి నాతో పాటు కూర్చుని రాసిచ్చింది. నడకకు ముందు గుప్పెడు నానిన పెసలు, వచ్చాక రెండు గుడ్లు, మధ్యాహ్నం ఒక్క జొన్నరొట్టె, కంచంలో సగానికి బీరకాయో పొట్లకాయో తోటకూరో, ఓ రెండు ముక్కలు కోడో చేపో, సాయంత్రం పెరుగు, కీరదోస. ఎండెక్కక ముందే ముప్పావుగంట నడక, వారంలో రెండు రోజులు కుర్చీలో కూర్చుని లేవడం, నీళ్లసీసాలు పట్టుకుని చేతులెత్తడం. "తక్కువ తిను పిన్నీ, కానీ తిను. తినకుండా నడవమాకు, తిని నడవకుండా ఉండమాకు" అని రెండుసార్లు చెప్పించుకుంది.

చెప్పడం తేలికే. తినడం మొదలుపెట్టిన నెలకు కాటా డెబ్బై తొమ్మిది చూపించింది. అది పోయిన నీరు తిరిగి రావడమే, భయపడొద్దు అని ఆ పిల్ల చెబుతూనే ఉంది, కానీ నాకెట్లా ఉంటుంది? అటు వాడికి వాపు పెరుగుతోంది, ఇటు నా బరువు పెరుగుతోంది. మింగే ప్రతి ముద్దా వాడి ఆయుష్షులోంచి మింగుతున్నట్టుండేది. కంచం ముందు కూర్చుని ఏడుస్తూ తినేదాన్ని. తినకపోతే కిడ్నీ చెడుతుంది, తింటే ఆలస్యమవుతుంది. ఒక రోజు ఉండబట్టలేక రొట్టె మా ఆయన కంచంలోకి నెట్టేశాను. ఆయన దాన్ని తుంచి నా నోటికే అందించాడు. మర్నాటి నుంచి ఆయన కూడా నాతో నడకకు రావడం మొదలుపెట్టాడు. ప్రార్థనలో మాటలు రాక, ప్రభువా, కాటా వైపు కాదు, వాడి వైపు చూడు అని ఒక్కటే పదే పదే అనేదాన్ని.

మూడు నెలలకు కిడ్నీల లెక్క బాగుందన్నారు, దేవునికి స్తోత్రం. కానీ బరువు డెబ్బై ఆరు. అక్కడే మూడు వారాలు, గొడ్డు కట్టుకొయ్య దగ్గర మొండికేసినట్టు, కదల్లేదు. మళ్లీ డెబ్బై అయిదు, డెబ్బై నాలుగు. ఇంకో రెండు నెలలకు ఒక శనివారం పొద్దున కాటా మీద డెబ్బై రెండు కనబడింది. దిగి, మళ్లీ ఎక్కి చూసుకున్నాను. గుంటూరులో ఆపరేషనుకు తేదీ ఇచ్చారు, మూడు వారాల తరువాత. తమ్ముడికి చెబితే, "నాకిచ్చేది గుప్పెడంతేగా, దానికి పన్నెండు కిలోలు తగ్గిందానివి నువ్వొక్కదానివేనే" అని నవ్వాడు. ఆ రోజు ఆయాసం లేకుండా నవ్వాడు.

ఆ తేదీ ఇంకా పదకొండు రోజులుందనగా వాడికి చలిజ్వరం వచ్చింది. రక్తంలోకి విషం ఎక్కిందన్నారు. ఆ జబ్బులో ఎవరికైనా రావచ్చునట, ఎవరి తప్పూ లేదు. నాలుగో రోజు పోయాడు.

వాడు పోయిన మూడో రోజు ప్రార్థన కూడిక అయ్యాక భోజనాల దగ్గర, ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎంత సన్నబడ్డావే తల్లీ! ఎట్టా తగ్గావే? మా కోడలికి కూడా కాస్త చెప్పు, దానికీ ఒళ్లు వచ్చేసింది" అంది. పాపం ఆమెకు ఏమీ తెలియదు. నేను చెప్పాను. పెసలు, గుడ్లు, ఒక్క జొన్నరొట్టె, ముప్పావుగంట నడక. తినకుండా మాత్రం నడవొద్దని చెప్పు పెద్దమ్మా అని కూడా చెప్పాను. అప్పుడే మరదలు లేచి లోపలికి పోయింది.

మొదటి రోజే డాక్టరుగారి మాట నాకు సరిగ్గా అర్థమయి ఉంటే, వాడికి జ్వరం రాక మునుపే ఆపరేషను అయిపోయేదేమో. అమ్మ ఇట్లా ఎప్పుడూ అనలేదు, మరదలూ అనలేదు. నాకు నేనే అనుకుంటాను. దేవుణ్ణి చాలాసార్లు అడిగాను, ఆయన జవాబు చెప్పలేదు, ఇప్పుడు అడగడం మానేశాను. అక్క సిద్ధంగా ఉందని తెలిశాకే వాడు పోయాడు, అందుకు మాత్రం వందనాలు చెప్పుకుంటాను.

కాలం చానా మారిపోయింది. మన చిన్నప్పుడు పనికి పోయి రావడమే నడక, దొరికింది తినడమే పథ్యం, నిండుగా ఉన్న మనిషిని చూస్తే చూసినవాళ్లకే కడుపు నిండేది. ఇప్పుడు స్టేడియం నిండా జనమే, చేతులకు గడియారాలు అడుగులు లెక్కపెడుతుంటాయి, మనిషి మనిషిని ఎన్ని కిలోలు తగ్గావని పలకరిస్తారు. నన్నూ అడుగుతారు. నా బరువు ఇప్పటికీ డెబ్బై రెండే, పెరగనివ్వలేదు. గుంటూరు వాళ్లు ఇక పిలవరని తెలుసు, అయినా అదే రొట్టె, అదే నడక. దేవుడిచ్చిన రెండూ నా ఒంట్లోనే చక్కగా పనిచేస్తున్నాయట, మొన్న కూడా పరీక్ష చేసి చెప్పారు. అందులో ఒకటి నాది కాదు.