ముగ్గు ఫోటోలకి నేను పెట్టిన వంకలు

అమలాపురంలో నాకు ఫోటో స్టూడియో ఉన్న రోజుల్లో, అంటే జనం ఇంకా రీళ్లు కడిగించుకునే కాలంలో, నాకో దురలవాటు ఉండేది. ప్రింట్లు కవర్లో పెట్టి ఇచ్చేసి ఊరుకోకుండా, బల్ల మీద పరిచి వంకలు పెట్టేవాణ్ణి. పెళ్లికూతురి తలకాయ తెగిందని, వెనకాల ఆ బకెట్ ఎందుకని. అడిగినవాళ్లకీ చెప్పేవాణ్ణి, అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. కొందరు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. ఒక టీచరుగారు మాత్రం ఆ వంకల కోసమే వచ్చేవారు.

ఆవిడది ఉప్పలగుప్తం దగ్గర పల్లెటూరు. నలభై దాటిన మనిషి. ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరే. మస్కట్‌లో ఉన్న తమ్ముడు తెచ్చిన చిన్న కెమెరాతో ఆవిడ తీసేది ఒక్కటే, వాళ్లమ్మగారు పొద్దున్నే వాకిట్లో వేసే మెలికల ముగ్గులు.

"అమ్మకి వందల ముగ్గులొచ్చండీ. కాగితం మీద ఒక్కటీ లేదు, అన్నీ చేతిలోనే. నాకు తిన్నగా చుక్కలు పెట్టడమే రాదు. ఆవిడుండగానే అన్నీ దాచుకుందామనండి," అన్నారు మొదటిరోజు.

మొదటి రీలు ఘోరం. "ముగ్గు మీద మీ నీడ పడింది చూడండి. ఎండ నెత్తికెక్కాక తీస్తే గీతలు నేలలో కలిసిపోతాయి. ఏడింటికల్లా, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తీయండి. అరుగు మీద స్టూలు వేసుకుని పైనుంచి తీయండి," అన్నాను. ఆవిడ "ఆయ్, ఆయ్" అంటూ నోటుబుక్కులో రాసుకున్నారు. నాకు కొమ్ములొచ్చాయి.

రెండో రీలుకే ఫోటోలు మారిపోయాయి. కళ్లాపి చల్లిన నేల మీద ఏ గీత ఏ చుక్కని చుట్టి ఎటు వెళ్లిందో లెక్కపెట్టుకోవచ్చు. ఎక్కడ మొదలైందో తెలియనట్టు ప్రతి మెలికా వచ్చి కలిసిపోయేది. ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపించింది.

నాలుగో రీలులో కొత్త లోపం కనిపించింది. "ఎడమపక్క తెగ్గోసేస్తున్నారండీ," అన్నాను. ఆవిడ తెల్లబోయారు. "మొత్తం వచ్చేలాగే తీసేనండీ." ఈ చిన్న కెమెరాల్లో కంటికి కనపడేది ఒకటి, ఫిల్ముకెక్కేది ఒకటి అని పాఠం మొదలెట్టాను. కెమెరాని బాగా ఎడమకి జరపమన్నాను. అదీ రాసుకున్నారు.

జరిపి తీశారు. ఆ ప్రింట్లు మిషన్లోంచి వస్తుంటే నేను చేస్తున్న పని ఆపేశాను. ఫోటోలో ఎడమపక్కంతా ఉత్త నేల. కుడిపక్క ఒక్క మెలిక తప్పలేదు. నడిమికొచ్చేసరికి గీత ఆగిపోయింది. చెయ్యి తడబడిన గుర్తు లేదు, పిండి అయిపోయిన గుర్తూ లేదు. అక్కడితో పని పూర్తయినట్టు ఆగింది. ప్రింటింగులో తప్పేమోనని నెగెటివ్‌ని లైటుకి పెట్టి చూశాను. అందులో నేల తెల్లగా, ముగ్గు నల్లగా ఉంది. అక్కడా సగమే ఉంది. పట్టపగలు, రోడ్డు మీద బస్సులు తిరుగుతుండగా, నాకు వీపు జలదరించింది.

కానీ నా తెలివి ఊరుకుంటుందా! శనివారం ఆవిడ రాగానే, "ఇదీ ఫోటో అంటే! వరసగా వెళ్తున్న గీతలు ఎక్కడో తెగితేనే కన్ను ఆగుతుంది. అమ్మగారు కావాలనే ఇలా వేసేరా?" అన్నాను.

"ఏమోనండీ. ఈమధ్య ఇలాగే వేస్తోంది. అన్నం కూడా కంచంలో ఒకపక్కే తిని లేచిపోతోంది. అరుగుదల లేదేమో అనుకుంటున్నా."

అన్నం మాట నా చెవికెక్కలేదు. "ఇలాంటివే ఇంకా తీయండి," అన్నాను. ఆ ఫోటో పెద్దది చేయించి స్టూడియో అద్దాల బీరువాలో పెట్టాను.

నాలుగు నెలల తర్వాత ఆల్బమ్ కోసమని ప్రింట్లన్నీ తేదీల వారీగా బల్ల మీద పరిచాను. అన్నీ పక్కపక్కన చూడటం అదే మొదలు. ఉత్త నేల ఎడమనుంచి మెల్లిగా ముందుకు జరుగుతోంది. నెలకో చుక్క వరస. ఆఖరి ఫోటోల్లో ముగ్గు కుడిమూల పావు వంతుకి వచ్చేసింది. ఒకదాంట్లో పొరపాటున అమ్మగారి తల కూడా పడింది. కుడిపక్క జుట్టు నున్నగా దువ్వి ఉంది. ఎడమపక్క జుట్టుకి దువ్వెన తగల్లేదు.

కంచంలో ఒకపక్కే తింటోందన్న మాట అప్పుడు నా చెవికెక్కింది. టీచరుగారి స్కూలుకి ఫోన్ చేసి, "అమ్మగారిని రేపే కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి," అన్నాను.

తలలో గడ్డ అన్నారు. ఎడమపక్క అనేది అమ్మగారికి ఇక లోకంలోనే లేదని, అది లేదన్న సంగతి కూడా ఆవిడకి తెలియదని డాక్టరుగారు చెప్పారట. నాలుగైదు నెలల కిందట తెచ్చి ఉంటే ఆపరేషనుకి వీలుండేదన్నారట. టీచరుగారు ఇదంతా నామీద కోపం లేకుండానే చెప్పారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జబ్బు నా బల్ల మీదకొచ్చి కూర్చుంటే దానికి నేను అద్దాల బీరువాలో చోటిచ్చాను. ఆ ఫోటో తీసేశాను గానీ సిగ్గు పోలేదు.

ఒక ఉదయం వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారు వీధివైపు తిరిగి, వంగి ముగ్గు వేస్తున్నారు. పక్కన నిలబడి నమస్కారమన్నాను. పలకలేదు. మళ్లీ అన్నాను. నేను అక్కడ లేనట్టే వేసుకుంటూ పోయారు. అరుగు మీంచి టీచరుగారు అటు రమ్మని సైగ చేశారు. అప్పటిదాకా నేను నిలబడింది అమ్మగారి ఎడమపక్క. చుట్టూ తిరిగి కుడిపక్కకి వెళ్లాను.

"ఎప్పుడొచ్చేరు బాబూ? ఫోటోలకి వంకలు పెట్టేది మీరేనా?" అంటూ నవ్వారు. "చూసి చెప్పండి. ఎక్కడన్నా తప్పుపోయిందా?"

వాకిట్లో కుడిమూల నాలుగు మెలికలున్నాయి. మిగతాదంతా తడి నేల.

"ఏ వంకా లేదండీ," అన్నాను.

"అయితే తియ్యండి. మొత్తం పడాలి. ఎక్కడా తెగనివ్వకండి."

టీచరుగారు కెమెరా నా చేతికిచ్చి తల పక్కకి తిప్పుకున్నారు. నేను కంటికి పెట్టుకుని, "ఎక్కడిదాకా అమ్మగారూ?" అని అడిగాను. పిండి అంటిన వేలితో ఆవిడ గీత ఆగిన చోటు చూపించారు. అక్కడిదాకానే తీశాను.