ఖలాస్ నా పేరు కాదు

ఇవాళ ఇంట్లో మళ్లీ ఫినాయిలు వాసన. సుల్తాన్ తాత గుర్తొచ్చాడు.

జాబ్రియాలోని ఈ అరబ్బుల ఇంటికి నేను కుక్కపిల్లగా వచ్చిన కొత్తలో, తివాసీ తడిపినప్పుడల్లా అందరూ మామా అని పిలిచే యజమానురాలు "ఖలాస్!" అని అరిచేది. ఇక చాలని దాని అర్థం. నేనేమో అదే నా పేరనుకుని తోక ఊపుకుంటూ పరిగెత్తేవాణ్ణి.

"ఇంగొక్కసారి తడిపితే మామా నిన్ను సంతలో అమ్మేస్తాది రా," అంది ఇంట్లో పనిచేసే రెడ్డెమ్మ, ఫినాయిలుతో తుడుస్తూ.

అది విని ముసలి కుక్క సుల్తాన్ తాత లేచాడు. నన్ను మూతితో నెట్టుకుంటూ వాకిలి దాకా తీసుకెళ్లి, తలుపు గీకి చూపించాడు.

మర్నాడు నేనే గీకాను.

"మామా! గీకినాడు! మన దొర తలుపు గీకినాడు!" రెడ్డెమ్మ కేకకు ఇల్లంతా వచ్చింది. తాత తోకతో నేలను టపటపా కొట్టాడు.

ఇవాళ తివాసీ తడిపింది కొత్తగా వచ్చిన కుక్కపిల్ల. "ఖలాస్!" అంటే తోక ఊపుతోంది.

నేను లేచాను.