మడచెట్టు ఉండాల్సిన చోట

ఆమెను అందరూ పీతలక్క అంటారు. మోకాళ్ల లోతు బురదలో దిగి, మడచెట్ల వేళ్ల మధ్య బొరియల్లో చెయ్యి పెట్టి పీతల్ని లాగేసేది మరి. కరవదా అని అడిగితే, "మా ఆయన మాటలకన్నా ఎక్కువేం కరవదు" అనేది. పక్కన వల బాగుచేసుకుంటున్న మొగుడు ఊరుకుంటాడా? "కరిచేదాన్నే కట్టుకున్నాను, దీని ముందు పీతెంత!" అనేవాడు.

పాయ సముద్రంలో కలిసే చోట వాళ్లకో లావాటి మడచెట్టు ఉండేది. గాలివానొస్తే పడవలన్నీ పాయలోకి దూరేవి. బయట ఎంత విరుచుకుపడ్డ అలైనా మడ అడవిలోకొచ్చేసరికి చప్పబడిపోయేది. ఆయన పడవ మీద నుంచే, చూడకుండానే, తాడు విసిరి ఆ చెట్టుకి తగిలించేవాడు. తాడు ఒరిసీ ఒరిసీ చెట్టు నడుం మీద గాడి పడింది.

ఆయన దూరం వేటకెళ్లినప్పుడే, రొయ్యల చెరువుల కోసం గట్టు మీది మడచెట్లన్నీ నరుక్కుంటూ వచ్చారు. చెట్లు కూల్చే యంత్రానికి పీతలక్క అడ్డం వెళ్లింది.

"ఆ ఒక్కటీ ఉంచండయ్యా. మా ఆయన దాన్ని నమ్ముకుని వస్తాడు."

మేస్త్రీ నవ్వాడు. "దోమల కొంపమ్మా అది! ఆయన్ని రానీ, గట్టున గుంజ పాతిస్తా."

ఆయనకి చెబుదామంటే సముద్రం మీద ఫోను పలకదు. గుంజ కన్నా ముందు గాలివానొచ్చింది.

పీతలక్క పరుగెత్తుకెళ్లి చెట్టు మోడు దగ్గర నడుం లోతు నీళ్లలో నిలబడింది. పడవ కనబడింది.

"రావద్దు! చెట్టు లేదు! కొట్టేశారు!"

గాలి ఆ మాటల్ని మింగేసింది. ఆయన అలవాటుగా తాడు విసిరాడు. అది వచ్చి ఆమె మీద పడింది. రెండు చేతులకీ చుట్టుకుని, మోడుకి కాళ్లు తన్నిపెట్టి లాగింది. వెనక్కి మళ్లిన అల పడవని ఈడ్చుకుపోయింది. తాడు అరచేతుల తోలు ఒలుచుకుంటూ జారిపోయింది.

పడవ చెక్కలు దొరికాయి. ఆయన దొరకలేదు.

ఇప్పుడు పాయలో పీతల్లేవు. వేళ్ల చాటున పెరిగే చేపపిల్లలూ లేవు. ఒడ్డు విరిగి విరిగి ఇళ్ల దాకా వస్తోంది. పీతలక్క మాత్రం ఎగువ నుంచి మడ మొలకలు ఏరుకొచ్చి, ఆ మోడు చుట్టూ నాటుతోంది.

"ఇది పడవనాపేసరికి మనం ఉంటామా వదినా?" అన్నాడు మరిది.

"నువ్వుండవులే. నీ కొడుకుంటాడుగా, వాడికి తాడు విసరడం నేర్పు."

నవ్వుతూనే అంది. మరిది వెళ్లిపోయాక, అన్నిటికన్నా ఏపుగా ఎదిగిన మొక్క చుట్టూ పిడికిలి బిగించి చూసింది.

అరచేతిలో తాడు కోసిన గాడిలోనే ఇమిడిపోయింది. ఇంకా అంత సన్నం.