గురుమూర్తి నవ్వని ఆదివారం

గురుమూర్తి సెట్టికి అనుమానం ఆకలిలాంటిది, వేళకు వచ్చి తీరాల్సిందే. పాలవాడు చిక్కగా పోస్తే ఏం కలిపాడోనని, పల్చగా పోస్తే ఎంత కలిపాడోనని. ఎదురింటివాళ్ళు పిలిచి కాఫీ ఇస్తే శుభ్రంగా తాగేసి ఇంటికొచ్చి, "ఊరకే ఎందుకిచ్చినట్టో?" అని పెళ్ళాన్ని అడిగే రకం. బుక్కరాయసముద్రంలో ఆయనది వేరుశెనగ అంగడి. రైతులు తెచ్చే కాయలు, ఆ వైపు మాటలో బుడ్డలు, కొని మిల్లులకు వేస్తాడు. ఆ వ్యాపారానికి ఈ గుణం పనికొచ్చిందనే చెప్పాలి. కాకపోతే అంగడికి తాళం వేశాక కూడా దాన్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేవాడు.

లోకం మొత్తం మీద ఆయన అనుమానించని మనిషి ఒక్కరే, భార్య ఆదిలక్ష్మి. బుడ్డలు ఎండాయా, ఇంకా పచ్చిగా ఉన్నాయా తేల్చేది ఆమే. మూటలోంచి పిడికెడు తీసి, ఒక్కో బుడ్డనూ చెవి దగ్గర పెట్టి ఆడిస్తుంది. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు, కిక్కురుమనకపోతే పచ్చిదన్నట్టు. తేమ చూసే మిషన్లు వచ్చాయని అందరూ చెప్పినా గురుమూర్తి కొనలేదు. ఆ మిషన్ చేసినవాడు ఎలాంటివాడో ఎవడికి తెలుసు? ఆదిలక్ష్మి చెవి మీదే ఇన్నేళ్ళూ అంగడి నడిచింది. "సెట్టెమ్మ చెవి తప్పదప్పా" అని రైతులే ఒప్పుకునేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె కొంగు సర్దుకుని ఇంకాస్త నిటారుగా కూర్చునేది.

అలాంటి చెవి మొన్న తప్పింది. ఈ ఏడు వాన పైరుకు రాలేదు గానీ, కాయ పీకి కుప్ప వేశాక మాత్రం తీరిగ్గా వచ్చింది. ఆ తడి రోజుల్లోనే ఆదిలక్ష్మి తమ్ముడు భరత్‌కుమార్ రాప్తాడు వైపు పల్లెల్లో కొన్న బుడ్డల్ని టెంపో నిండా తెచ్చాడు. ఆదిలక్ష్మి ఆడించి చూసి, "ఎండినాయి, దించుకోండి" అంది. వారం తిరక్కుండానే మూటలు చెమ్మగిల్లి బూజు పట్టాయి. మిల్లువాడు ముక్కు మూసుకుని వెనక్కి పంపాడు.

తమ్ముడని వదిలేసింది, అనుకున్నాడు గురుమూర్తి. పైకి మాత్రం అనలేదు. అనుమానాన్ని పచ్చిగా బయటపెట్టే మనిషి కాదాయన, బాగా మాగబెడతాడు. పుట్టింటివైపు మొగ్గడం ఇదే మొదలా? ఇంతకు ముందు దించిన మూటల సంగతేంటి? అన్నం వడ్డిస్తుంటే ఆమె ముఖం చూడటం మానేసి చేతులు చూడసాగాడు. నవ్వులాట కాదు, ఆ మనిషికి నిజంగానే దుఃఖంగా ఉంది. నమ్మిన ఒక్కరూ పోతే, ఇక తన అనుమానాలు ఎవరితో చెప్పుకోవాలి?

శనివారం సాయంత్రం కూతురు నిఖిత కదిరి నుంచి దిగింది. అక్కడ బ్యాంకులో ఉద్యోగం. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"నాయనా, ఈ పొద్దూ రేపూ నువ్వు యాడికీ పోవద్దు. ఇంట్లోనే కూర్చోని సినిమాలు చూద్దాం. అన్నీ నవ్వుకునేటివే."

"ఎందుకు?"

"ఎందుకేంది నాయనా, నవ్వేదానికి!"

"నవ్వితే ఏమొస్తాది?"

తల్లీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గురుమూర్తి ఆ చూపును ఇట్టే పట్టేశాడు. భరత్‌కుమార్ సంగతే, ఇంకేముంది! నవ్వించి, మెత్తబరిచి, బూజు మూటల మాట ఎత్తకుండా చేసే ఎత్తు. సరే, నవ్వేదెవడో చూద్దామని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

నిజానికి ఆయన అంత పంతం పట్టాల్సిన పనే లేకపోయింది. ఆ రాత్రి భోజనాలకు ముందు పెట్టిన సినిమాలో కవలలిద్దరికీ ఒకే ఇంట్లో పెళ్ళిచూపులు. ఒకడు ముందు తలుపులోంచి వస్తే ఇంకొకడు వెనక తలుపులోంచి పోతాడు. సినిమా అంతా అదే. "ఆ ఇంట్లోవాళ్ళకు కండ్లు లేవా?" అన్నాడు గురుమూర్తి. ఆదివారం పొద్దున పెట్టిన దాంట్లో దొంగలు దయ్యాల బంగళాలో దూరారు. దొంగల్ని చూసి దయ్యమే జడుసుకుంది. "ఎవరూ లేని కొంపలో కరెంటు ఎట్ల వెలుగుతాంది? బిల్లు ఎవరు కడతాండారు?" అన్నాడు. ప్రతి మాట వెనకా టొయ్ టొయ్‌మని సంగీతం, ఇక్కడ నవ్వాలర్రా అని చక్కిలిగిలి పెట్టినట్టు. తెచ్చి పెట్టిన నిఖితే ఆవులించింది.

ఆదిలక్ష్మి మాత్రం నవ్వుతోంది. అదీ అందరూ మరిచిపోయాక, జోకు చల్లారిపోయాక. ఒకచోట హీరో తల్లి ఆసుపత్రిలో కొడుకు చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే కూడా కిసుక్కుమంది. గురుమూర్తి టీవీ వదిలేసి పెళ్ళాన్నే చూడసాగాడు. చూడగా చూడగా గుట్టు చిక్కింది. నిఖిత కాలి బొటనవేలు తల్లి మడమకు తగులుతుంది, ఆదిలక్ష్మి నవ్వుతుంది. నిఖిత ఫోను చూసుకుంటూ మరిచిపోయినప్పుడే ఆ నవ్వు దారి తప్పుతోంది.

సైగలు! నా ఇంట్లో, నా కండ్ల ముందరే!

మధ్యాహ్నం పీట మీద కూర్చుని, పొయ్యి వైపు తిరిగి ఉన్న భార్య వీపు చూస్తూ ఒక రాయి విసిరాడు. "మీ తమ్ముడు ఏమన్నా ఫోను చేసినాడా?"

ఆమె ఉలకలేదు, పలకలేదు. వినపడనట్టు ఎంత బాగా నటిస్తోందో! ఇంకాస్త గట్టిగా అడిగాడు. ఈసారి గబుక్కున తిరిగి, "వేస్తానుండండి" అని ఆయన పప్పన్నంలో ఇంత నెయ్యి పోసింది. నెయ్యి పోసి నోరు మూయిస్తోందన్నమాట. గురుమూర్తి నెయ్యి తగలని అన్నం మటుకు ఏరుకుని తిని లేచాడు.

భోజనాలయ్యాక మూడోది పెట్టారు. అది మరీ ఘోరం. ఇద్దరు మనుషులు బల్ల మీద కూర్చుని మాట్లాడతారు, మాట్లాడతారు, లేవరు. నిఖిత ఆరేసిన బట్టలు తెస్తానని మిద్దె మీదికి పోయింది. ఇదే సమయం, అడిగేసి తేల్చుకుందామనుకున్నాడు గురుమూర్తి. రిమోట్ తీసుకుని టీవీ గొంతు నొక్కేశాడు. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

ఆయన నోరు తెరిచే లోపలే ఆదిలక్ష్మి ఓరగా ఆయన ముఖం చూసింది. తెరిచిన నోరు చూసి నవ్వుతున్నాడనుకుంది కాబోలు, తొడ చరుచుకుని పకపకా నవ్వింది.

"బలే మాటన్నాడు కదండీ!"

టీవీలో ఇద్దరూ పెదవులు ఆడిస్తున్నారు. మాటా లేదు, టొయ్ టొయ్ లేదు. గురుమూర్తి కదలకుండా కూర్చున్నాడు. "ఏమన్నాడు?" అని అడిగాడు, మామూలు గొంతుతో. ఆమె తెర వైపే చూస్తోంది. కాసేపటికి ఆయన చేతిలోని రిమోట్‌ను చూసింది, తెర మూలన గొంతు కట్టేసిన గుర్తును చూసింది. నవ్వు ఆగిపోయింది.

గురుమూర్తి ఆమె దగ్గరికి జరిగి, చెవిలో గట్టిగా, "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ఉగాది దాటినప్పట్నుంచి" అంది ఆదిలక్ష్మి తల దించుకుని. "ఎడమది ముందే పాయ. కుడిది కొంచెం కొంచెంగా..."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నన్ను అంగట్లో యాడ కూర్చోబెడతారండీ? చెవి లేనిదాంతో ఆడ ఏం పని? తమ్ముడు తెచ్చిన దినం ఎంత ఆడించినా నాకేమీ వినపళ్ళే. అందరూ నా నోరే చూస్తాండ్రి. నామోషీ అయి, ఎండినాయనేసినా." చెప్పి బావురుమంది.

మెట్ల దగ్గర నిఖిత బట్టల మూటతో నిలబడిపోయింది. "నువ్వు నవ్వినాక చెప్దామనుకుంటిమి నాయనా. నవ్వినప్పుడైతే కోపం చెయ్యవని. ఒక్క సినిమాకన్నా నవ్వకపోతావా అనుకుంటి. మంగళవారం వస్తామని చెవి డాక్టరుకు కూడా చెప్పి పెట్టినా."

"ఈ సినిమాలకా నేను నవ్వేది!" అన్నాడు గురుమూర్తి. చచ్చేంత సిగ్గేసింది. లోకంలో దేన్నీ వదలకుండా అనుమానించినవాడు ఆమె చెవిని అనుమానించలేదు, ఆమెనే అనుమానించాడు. తప్పయిందని చెప్పడం ఆయనకు చేతకాదు. లేచి వెళ్ళి ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆమె తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.

సోమవారం పొద్దున వజ్రకరూరు వైపు నుంచి తిప్పయ్య అనే రైతు బుడ్డల మూటలతో వచ్చాడు. ఆదిలక్ష్మి అంగట్లో తన చోట కాకుండా వెనకగా, గోడ పక్కన కూర్చుంది. గురుమూర్తి మూట విప్పి ఒక బుడ్డ తీసి, ఊరికే చూస్తున్నట్టుగా తన చెవి దగ్గర ఆడించాడు. సద్దు లేదు. ఇంకోటీ అంతే. పిడికెడు తీసుకెళ్ళి ఆదిలక్ష్మి ఒళ్ళో పోసి, చెయ్యి పట్టి లేపి ఆమె చోట కూర్చోబెట్టాడు.

ఆమె బుడ్డను చెవి దగ్గర పెట్టి ఆడించింది. చూపు మాత్రం ఆయన ముఖం మీదే. గురుమూర్తి పెదవి విరిచాడు.

"పచ్చివి" అంది ఆదిలక్ష్మి కొంగు సర్దుకుంటూ. "ఇంగా రెండు దినాలు ఎండబెట్టుకోని రాప్పా."

తిప్పయ్య ఆమెను చూశాడు, ఆయన్ను చూశాడు. "ఏమప్పా సెట్టీ, మొగుడూ పెండ్లామూ సైగలు చేసుకుంటాండారే! ఏందో మతలబు ఉండాది ఈడ!"

గురుమూర్తికి ముందు పొలమారింది. తర్వాత నవ్వొచ్చింది. రెండు రోజులుగా రానిదంతా కట్ట తెగి వచ్చింది, కండ్లలో నీళ్ళు కారేదాకా. ఏమైంది, ఏమైందని ఆదిలక్ష్మి కంగారుగా చూస్తుంటే, వంగి ఆమె కుడి చెవిలో తిప్పయ్య మాటను అక్షరం పొల్లుపోకుండా అరిచి చెప్పాడు. ఆమె నవ్వింది. ఎవరి వేలూ తగలకుండానే, సరిగ్గా నవ్వాల్సిన చోటే నవ్వింది.

తిప్పయ్య మాత్రం నవ్వలేదు. విప్పిన మూటను బిర్రుగా కట్టేసి తన కాళ్ళ దగ్గరికి లాక్కున్నాడు.