నూరు బస్కీలు

మొన్న శనివారం ఉపమాక కొండ మెట్లెక్కుతుంటే సగం దారిలో నా కుడి మోకాలు టక్కుమంది. పైమెట్టు మీంచి మా ఆవిడ వెనక్కి తిరిగి, "ఏటి మావా, దేవుణ్ణే కిందికి దిగి రమ్మంతావేటి?" అంది. సోమవారం డాక్టరు ఎక్స్‌రే చూసి, గుజ్జు అరిగిపోయిందన్నాడు. ఈ వయసుకే ఇంతలా ఎలా అరగదీశావయ్యా అని అడిగేడు. బస్కీలండీ అన్నాను. ముందు నన్ను పహిల్వాననుకున్నాడు, తర్వాత నా పొట్ట చూసి అనుమానపడ్డాడు. ఆయనకి బయట జనం ఎక్కువ, నా దగ్గర కథ ఎక్కువ. అందుకని మీకు చెబుతున్నాను.

ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టేసి, అనకాపల్లి బెల్లం మార్కెట్లో కలాసీగా చేరేను. పగలంతా నేను దిమ్మలు మోసేవాణ్ణి, సాయంత్రం నన్ను ఎవరో ఒకరు ఇంటికి మోసేవారు. ఒకనాడు తాగిన మైకంలో తోటి కలాసీ నెత్తిన బెల్లం దిమ్మతో మోదేసేను. దిమ్మకేం కాలేదు, తలకి కుట్లు పడ్డాయి. అతను బతికేడు, అది నా అదృష్టం. నాకు ఏణ్ణర్ధం జైలు పడింది. మా ఆవిడ రోలుగుంట పక్కన పుట్టింటికి వెళ్ళిపోయింది.

విడుదలైన రోజు గేటు దగ్గరికి మావాళ్ళెవరూ రాలేదు గాని, బుర్ర మీసాలాయన ఒకడు మోపెడ్ మీద కూచుని ఉన్నాడు. మా ఊళ్ళో తాలింఖానా పెట్టి కసరత్తు నేర్పే వస్తాదు. కుర్రతనంలో సారా కాచి అదే జైల్లో ఉండొచ్చిన మనిషి, అంటే నాకు సీనియరు. మా వైపువాళ్ళు ఎవరు విడుదలవుతున్నా కనుక్కుని, గేటు దగ్గర్నుంచి తిన్నగా కసరత్తుకి తెచ్చుకోవడం ఆయన అలవాటు. దారిలో వైన్ షాపు తగలకూడదని నన్ను చెరుకు తోటల మీంచి తిప్పి తీసుకొచ్చేడు. మర్నాడు తాగుడు మానిపించే డాక్టరు దగ్గర కూచోబెట్టేడు. ఏణ్ణర్ధం చుక్క ముట్టలేదు, నాకెందుకండీ ఇవన్నీ అంటే, "అక్కడ దొరక్క మానేవురా. ఇక్కడ దొరుకుతున్నా మానాల" అన్నాడు.

ఆయనకి ఒకటే రూలు. "తాగాలనిపిత్తే తాగు, నానేటీ అడ్డం రాను. ముందొచ్చి నా ఎదర నూరు బస్కీలు తీసి, అప్పుడెల్లు." వైన్ షాపు ముందు జనం చేరే ఆరింటికే తాలింఖానా తలుపు తెరిచేవాడు. గుంజీ గుంజీకీ నేనే పైకి లెక్కపెట్టాలి. నా లెక్కలో నలభై తర్వాత డెబ్బై వచ్చేది, బడి మానేసినవాణ్ణి కదా. ఆయన మీసం కూడా కదపకుండా "నలభై ఒకటి" అనేవాడు. నూరయ్యేసరికి నా దాహం కుండలో నీళ్ళ మీదికి మళ్ళిపోయేది. ఆర్నెల్లు అలాగే గడిచేయి.

అప్పుడు మా ఆవిడ ఫోన్ చేసింది. "ఆదివారం వత్తాను. వాసనొచ్చిందంటే అదే బస్సుకి తిరిగెల్లిపోతాను. మరి రాను." అంతే, పెట్టేసింది. శనివారం సాయంత్రానికి నాకు భయం పట్టుకుంది. భయమేస్తే తాగడం తప్ప నాకింకో పని తెలీదు. తాలింఖానాకి వెళ్ళి, "ఇవాళ తాగుతాను" అన్నాను. వస్తాదు "లెక్కెట్టు" అన్నాడు. నూరూ తీసేను. ఆ రోజు మాత్రం భయం దిగలేదు. బయల్దేరిపోయేను. ఆయన మాటంటే మాటే, ఆపలేదు. మోపెడ్ తోసుకుంటూ వెనకాలే వచ్చేడు.

వైన్ షాపుకి మూడు మెట్లు. మొదటిదాని మీద కాలెత్తబోతే తొడలు రెండూ వణికి, మడతపడిపోయి రోడ్డు మీద చతికిలబడ్డాను. లేవబోతే మళ్ళీ తూలేను. ఎదురుగా ఎవరో చేతిసంచీతో నిలబడి ఉన్నారు. మా ఆవిడ. నన్ను చెప్పిన రోజున చూస్తే ఏం తెలుస్తుందని, ఒక రోజు ముందే బస్సు దిగి ఆ దారినే ఇంటికొస్తోంది.

"అయిపోయిందా?" అంది.

"ఇంకా మొదలెట్టలేదే" అన్నాను.

వంగి, "ఊదు" అంది. ఊదేను. "మళ్ళీ ఊదు." మళ్ళీ ఊదేను. చెమట కంపు తప్ప ఏమీ లేదు.

"మరి తూలతన్నావేటి?"

వెనకనుంచి వస్తాదు, "నూరు బస్కీలు తీసేడమ్మా, నానే దగ్గరుండి సూసేను" అన్నాడు.

"మరిక్కడికెందుకొచ్చేడు?"

ఆ జవాబు ఆయన నాకే వదిలేసేడు. అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "తాగడానికే వచ్చేనే. మెట్టెక్కలేకపోయేను" అన్నాను. ఆవిడ ఆ మూడు మెట్లకేసి ఓసారి చూసింది. చేతిలో సంచీ నా ఒళ్ళో పడేసి, "లే. బస్సెలాగూ రేపటిదాకా లేదు" అంది. చెరో రెక్కా పట్టుకుని నన్ను మోపెడ్ ఎక్కించేరు. ఆ తర్వాత రోలుగుంట బస్సులు చాలా వచ్చేయి, వెళ్ళేయి. ఆవిడ ఎక్కలేదు, నా బస్కీలూ ఆగలేదు.

ఇప్పుడు వస్తాదుకి చూపు ఆనడం లేదు. వచ్చే సోమవారం ఒకతను విడుదలవుతున్నాడు, గేటు దగ్గరికి మోపెడ్ మీద నేనే వెళ్ళాలి. బస్కీలు వద్దన్నాడు డాక్టరు, లెక్కపెట్టొద్దనలేదు. నా లెక్కలో ఇప్పుడు నలభై తర్వాత నలభై ఒకటే వస్తోంది. జైల్లో ఉన్నప్పుడు రోజుకో గీత గోడ మీద గీసుకునేవాణ్ణి. బయటికొచ్చి ఎన్నేళ్ళయిందో ఎక్కడా గీసుకోలేదు, మొన్న కొండ మెట్లెక్కుతుంటే మోకాలే ఆ లెక్క చెప్పింది.