పోచన్న సినిమా డ్యూటీ

మొదటి రోజు సినిమా మొదలైన పన్నెండో నిమిషంలో ముందు వరుసలోంచి ఒక మనిషి లేచాడు. నింపాదిగా తెర దాకా నడిచి వెళ్లి, అక్కడ ఏడుస్తున్న అమెరికా ఆవిడ ఎడమ చెంప మీద అరచేయి పెట్టి పైకీ కిందికీ తడిమాడు. వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. తల పంకించి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ ఏడుపు ఆపలేదు.

ముఖ్య అతిథి ఇది కార్యక్రమంలో భాగమేమో అన్నట్టు చూశారు. వెనక గోడకు ఆనుకుని నిలబడిన నేను మాత్రం కాలర్ సర్దుకున్నాను. ఆ మనిషిని అక్కడికి తెచ్చింది నేనే.

అతని పేరు పోచన్న. ఊరు జగిత్యాల దగ్గర. మస్కట్‌లో మా కంపెనీలో గిలాబు మేస్త్రీ, అంటే గోడలకు సిమెంటు పూత పూసే పనిలో అందరికన్నా నమ్మకమైన చెయ్యి. నేను రాజోలు నుంచి వచ్చిన టైమ్ కీపర్ని. ఎవరు ఏ సైట్‌కి వెళ్లారో, ఎన్నింటికి తిరిగి వచ్చారో పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. ఇది 1992 ఫిబ్రవరి సంగతి.

విరామంలో వెళ్లి, "ఏంటి పోచన్నా ఆ పని?" అని పళ్ల బిగువున అడిగాను.

"గిలాబు పట్టలే సారూ, లోపల గాలున్నది. ఆమె మొఖం పన్ను నొప్పి లేసినట్టు ఉబ్బవట్టె. ఎంతసేపని సూస్త?"

నిజమే. ఆ క్లబ్బు వాళ్లు తెర కొనకుండా హాలు గోడకే తెల్లరంగు వేయించారు. మర్నాడు పొద్దున పోచన్న తాపీ పట్టుకుని వెళ్లి ఆ డొల్లంతా కొట్టేసి కొత్తగా పూశాడు. సాయంత్రానికి అది ఆరలేదు. రెండో రోజు సినిమా పొడుగునా అమెరికా ఆకాశంలో ఒక తడి మచ్చ మబ్బులా నిలబడి ఉంది. ఛాయాగ్రహణం అద్భుతమని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. నేను ఒప్పుకున్నాను.

అసలు మావాళ్లకు ఆ హాల్లో పనేమిటో చెప్పాలి. అల్ ఖువైర్‌లో ఆఫీసు ఉద్యోగులు నడుపుకునే చిన్న సినిమా క్లబ్బు అది. సభ్యురాలైన ఒక అమెరికన్ టీచరమ్మ తన దేశం నుంచి అయిదు సినిమాలు తెప్పించింది. పెద్ద కంపెనీలు తీసినవి కావు. తమ వీధి గురించి, తమ వాళ్ల గురించి ఎవరికి వాళ్లు అప్పో సొప్పో చేసి తీసుకున్నవి. కొన్ని కథలు, కొన్ని ఉన్నదున్నట్టు తీసినవి. వాటితో అయిదు రోజుల పండగ పెట్టారు. హాల్లో కుర్చీలు నూట ఇరవై, వచ్చే సభ్యులు ముప్పై మంది. క్లబ్బు అధ్యక్షుడు గంగాధరం గారు మా కంపెనీకి మేనేజర్ కూడా. ఖాళీ కుర్చీలు ముఖ్య అతిథి కంట పడకూడదని, అజైబాలోని మా క్యాంపు నుంచి ఇరవై రెండు మందిని ఉతికిన చొక్కాలు వేసుకుని రమ్మని బస్సు పంపారు.

పుస్తకంలో ఏమని రాయాలని అడిగితే గంగాధరం గారు క్షణం ఆలోచించి, "సినిమా డ్యూటీ అని రాయండి" అన్నారు. ఆ పేజీ ఫొటో తీసి ఉంచుకోలేదే అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

శుక్రవారం సెలవుకు రూమ్‌లో వీసీఆర్ పెట్టుకుని మూడు సినిమాలు వరసగా చూసే మనుషులు వీళ్లు. ఇక్కడేమో ఒక ఫైటు లేదు, పాట లేదు. రెండో రోజు సినిమాలో అన్నదమ్ములిద్దరు కారులో పోతూనే ఉన్నారు, మాట్లాడుకోరు. పోచన్న రూమ్మేట్ భూమేశ్ ఉండబట్టలేక అడిగాడు.

"వీళ్లకు భూమి తగాదా ఉన్నదా సారూ?"

"తెలీదు, చూడు."

"గంటసేపు అయింది గద, ఒకడన్న చాయ్ తాగుదామనడేంది?"

ఆ సినిమా గంగాధరం గారికి ఎంతో నచ్చింది. ముఖ్య అతిథికి నచ్చిందని తెలిశాక మరీ నచ్చింది. చివరి రోజు ప్రేక్షకుల ఓట్లతో ఒక సినిమాకు షీల్డు ఇవ్వాలి. మత్రాలో ఇత్తడి మీద పేర్లు చెక్కే ఫజల్ భాయ్ మూడు రోజుల ముందే చెప్పాలన్నాడు. అందుకని గంగాధరం గారు ఓట్ల కోసం ఆగకుండా అన్నదమ్ముల సినిమా పేరు చెక్కించేశారు. ఆ పేరు కాగితం మీద రాసి, అక్కడి సూక్ బజారులో సాంబ్రాణి పొగల మధ్య నుంచి వెళ్లి ఇచ్చి వచ్చింది కూడా నేనే.

నాలుగో రోజు సినిమా వేరు. మంచు పడే చోట చేపల ఫ్యాక్టరీలో ఆరు నెలలు పనిచేసి పోయే మగవాళ్లను ఉన్నదున్నట్టు తీశారు. ఒక గదిలో ఆరుగురు, ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, తాడు మీద ఆరేసిన మేజోళ్లు, గోడకు పెళ్లాం ఫొటో. వంట వంతులవారీ. తన వంతు వచ్చిన గడ్డం మనిషి ఒకడు మాంసం మాడ్చేశాడు. మిగతా వాళ్లు డ్యూటీ నుంచి వచ్చి వాసన పట్టి గిన్నె కోసం వెతుకుతున్నారు. క్లబ్బు సభ్యులకు ఏం జరుగుతున్నదో ఇంకా తెలియలేదు. మా వరుస మాత్రం అప్పటికే నవ్వుతున్నది.

"మంచం కింద సూడుర," అన్నాడు ఒకడు తెరతో.

గిన్నె మంచం కిందే దొరికింది. టీచరమ్మ మావాళ్ల వైపు తిరిగి చూసింది, ఆమె కూడా నవ్వింది.

"గాయన మన భూమేశే సారూ," అన్నాడు పోచన్న. "గడ్డమొక్కటే తేడ."

"నువ్వు మాడ్వలేదా?" అన్నాడు భూమేశ్.

"మాడ్చిన. దాసిపెట్టలే."

తర్వాత ఆ గడ్డం మనిషి ఫోను దగ్గర వరసలో నిలబడ్డాడు. చేతి వేలికి కట్టు ఉంది, ఫ్యాక్టరీలో తెగింది. తన వంతు రాగానే ఇంటికి మాట్లాడాడు. ఇంగ్లీషు రాకపోయినా మావాళ్లకు అర్థం కాని ముక్క లేదు. అంతా బాగుందంటున్నాడు. కట్టున్న చెయ్యి ఫోన్‌లో కనబడుతుందేమో అన్నట్టు వెనక దాచుకున్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో ఎవరూ వీసీఆర్ మాట ఎత్తలేదు.

పోచన్నకు సుమలత అని ఒక కూతురు. అతను విమానం ఎక్కిన నాలుగు నెలలకు పుట్టింది, రెండున్నరేళ్లు నిండాయి, ఫొటోలో తప్ప చూడలేదు. ఆ రోజుల్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నడిచేవి. అతని భార్య చిన్నవ్వ ఊళ్లో కబుర్లన్నీ టేపులో చెప్పి, చివర పిల్లను మాట్లాడమనేది. పిల్ల ఒక్క మాటా మాట్లాడేది కాదు, మైకు దగ్గర ఊపిరి పీల్చడం మాత్రం వినిపించేది. పోచన్న ఆ ఊపిరినే వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు. మే నెలకు లీవు ఖాయమైంది. ట్రంకుపెట్టె కొన్నాడు, అందులో మొదట పెట్టింది రెండేళ్ల పిల్ల జోళ్లు. సైజు అందాజు మీద కొన్నాడు. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది, లీవు కాగితం గంగాధరం గారి బల్ల మీద సంతకం కోసం ఉంది.

అయిదో రోజు మధ్యాహ్నం గంగాధరం గారు మా ఇద్దరినీ పిలిచారు.

"ఇవాళ అందరికీ తలా ఒక చీటీ ఇస్తారయ్యా పోచన్నా. అయిదు బిస్కెట్ డబ్బాలు ఉంటాయి, సినిమాకొకటి. మనవాళ్లంతా రెండో డబ్బాలో వేసేలా చూడు. నువ్వెటు పోతే వాళ్లటు వస్తారు కదా. అది అవగొట్టి రా, నీ కాగితం మీద సంతకం పెట్టేస్తాను."

"సరే సార్," అన్నాడు పోచన్న.

మెట్లు దిగుతూ నన్ను అడిగాడు. "గా చీటీలు మాకెందుకు సారూ? మీరే అన్ని రెండో దాంట్ల ఏసుకుంటే అయిపాయె గద."

"అలా చేస్తే మోసం అవుతుంది పోచన్నా," అన్నాను. అనేశాక ఆ మాట నా చెవికే ఎబ్బెట్టుగా వినిపించింది. అతను నా మొహం వైపు చూసి, పాపం అన్నట్టు, సంగతి మార్చి ఎండ గురించి మాట్లాడాడు.

సాయంత్రం చీటీలు పంచారు. ముందు పోచన్న లేచాడు, వెనకే ఇరవై ఒక్క మంది, బస్సెక్కే వరసలోనే. వాళ్లు డబ్బాలను చూడటం లేదు, పోచన్న చేతిని చూస్తున్నారు. ఆ చెయ్యి రెండో డబ్బా మీద ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను, గంగాధరం గారు నా వైపు చూసి సంతోషంగా తల ఊపేంత సేపు మాత్రం ఆగింది. అక్కణ్నించి కదిలి మూడు దాటి, నాలుగో డబ్బాలో చీటీ వేసింది. భూమేశ్ వేశాడు. మిగతా వాళ్లంతా వేశారు.

ఓట్లు లెక్కపెట్టింది టీచరమ్మ. నాలుగో డబ్బాలో ముప్పై ఒకటి, రెండో డబ్బాలో పదకొండు. ఆ పదకొండులో ఒకటి నాది. ఈ మాట ఇంత కాలం ఎవరికీ చెప్పలేదు.

చేపల ఫ్యాక్టరీ సినిమాకు బహుమతి అని ఆమె ప్రకటించింది. గంగాధరం గారు షీల్డును పేరు కనబడకుండా గుండెకు హత్తుకుని వేదిక ఎక్కారు. ఫొటోలో కూడా చంటిపిల్లను పట్టుకున్నట్టే పట్టుకున్నారు. సినిమా తీసినవాళ్ల తరఫున దాన్ని అందుకున్న టీచరమ్మ ఇంటికి తీసుకెళ్లి చదివి ఉంటుంది. ఏమీ అనలేదు, మంచి మనిషి.

ఇప్పుడు ఆ హాలు లేదట, దాని చోట బ్యాంకు వచ్చిందని మొన్న ఎవరో చెప్పారు. ఆ తర్వాత టికెట్టు కొనుక్కుని ఎన్నో సినిమాలు చూశాను. మంచం కింద చూడుర అని తెరకు చెప్పేవాళ్లు పక్కన లేరు, ఒక్కణ్నే చూశాను.

షీల్డు ఇచ్చిన మర్నాడు పొద్దున పిలుపు వచ్చింది. పోచన్న సైట్ నుంచి సిమెంటు చేతులతోనే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గంగాధరం గారు లీవు కాగితం తీసి, మే అని ఉన్నచోట కొట్టేసి జూలై అని రాసి, దాని కింద సంతకం పెట్టారు. పోచన్న ఆ నెల పేరును తలకిందులుగానే పోల్చుకున్నాడు. అతని పెదవులు రెండు నెలలు లెక్కపెట్టడం నాకు కనిపించింది.

"ఇంగ్లీషు ముక్క రాదు," అన్నారు గంగాధరం గారు పెన్ను మూస్తూ. "కుర్చీలు నింపడానికి పిలిస్తే, అందరిలో నా పరువు తీశారు. మీకేం అర్థమైందని నాలుగో దాంట్లో వేశారయ్యా?"

పోచన్న కాగితం మీద సిమెంటు అంటకుండా రెండు వేళ్లతో అంచు పట్టుకుని తీసుకున్నాడు.

"సూడుమని కూసోబెట్టింది మీరే గద సార్, సూసినం."