దేవుడి కట్టెలు

నిన్న సాయంత్రం వాన వెలిశాక, బెంజ్ సర్కిల్ వెనక మా సందులో పచ్చి చెక్క వాసన ముక్కుకు తగిలింది. కరెంటు తీగలకు అడ్డొస్తున్నాయని కొట్టిన కొమ్మలను గోడవారన పోగేసి వదిలేశారు. వాటిని తీయించమని నేను పెట్టిన అర్జీ ఎక్కడో పడి ఉంది. మళ్ళీ పెడతాను. అపార్టుమెంటులో నా వెనక నన్ను ఏమంటారో నాకు తెలుసు. అయినా కొట్టిన కొమ్మల పోగు కనిపిస్తే చూసీ చూడనట్టు పోలేను. ఈ గుణం నాకు సుగుణ టీచర్ గారి వల్ల అబ్బింది.

ఆమె కూచిపూడి దగ్గర మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా చర్చి పక్క పెంకుటింట్లోనే ఉండిపోయారు. నేను అప్పటికే విజయవాడలో ఉద్యోగంలో ఉన్నాను. ఆదివారాలు అమ్మను చూడడానికి ఊరికి వెళ్ళేవాణ్ణి. చర్చి ఆవరణలో వరసగా మామిడిచెట్లు ఉండేవి. ఎండాకాలం ఆరాధన వాటి కిందే జరిగేది. పెళ్ళి భోజనాలూ, పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికలూ వాటి కిందే. టీచర్ గారికి ఆ చెట్లు తప్ప వేరే ఆస్తి లేదని అమ్మ అనేది, చెట్లు ఆమెవి కాకపోయినా.

ఒక జూన్ నెలలో గేటు పక్క చెట్టు ఒకవైపు మాడిపోయింది. ఆకులు గోధుమరంగుకు తిరిగినా రాలలేదు. మొదలు మీద బంక కారుతోంది.

"ఏరా కరుణాకర్, ఇటు రా. కళ్ళజోడు తెచ్చుకున్నావా?"

దగ్గరికి వెళ్ళి చూశాను. కాలిన అగరొత్తి బూడిద విరగకుండా నిలిచినట్టు, బెరడులోంచి సన్నని పొట్టు పుల్లల్లా పొడుచుకొచ్చింది. ఆమె పిన్నుతో గీరితే నువ్వుగింజంత నల్లటి పురుగు అరచేతిలో పడింది.

"ఇంత చెట్టును ఇది తినేస్తుందా అండీ?"

"ఇది చెక్క తినదురా. తనతో బూజు మోసుకొస్తుంది. లోపల సొరంగం తవ్వి, దాని గోడల మీద ఆ బూజు పెంచుతుంది. తనకీ పిల్లలకీ అదే తిండి."

"అయితే వ్యవసాయమే."

"వ్యవసాయమే. పొలమే మనది."

ఇద్దరం నవ్వుకున్నాం. అంతలోనే ఆమె మొహం మారింది. ఆ బూజుతో పాటు చెట్టును చంపే రకం కూడా వస్తే, నీళ్ళు పైకెక్కే దారులు మూసుకుపోతాయట. ఈ చెట్టు ఇక బతకదని, కొట్టి వెంటనే కాల్చేస్తే మిగతావి దక్కవచ్చని చెప్పారు. కొట్టిన మొద్దుల్లో కూడా పురుగులు పుట్టి, ఆ బూజును పక్క చెట్లకు చేరుస్తాయట.

చెట్టు కొట్టారు. కాల్చలేదు. మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. చర్చి చెట్టు కట్టె అమ్మకూడదు, ఎవరూ ఇంటికి తీసుకుపోకూడదు. క్రిస్మస్ ప్రేమ విందుకు వంటచెరుకుగా దాచాలి. మొద్దులను చర్చి వెనక, మిగతా చెట్ల నీడలోనే పేర్చారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీచర్ గారు లేచి, వాటిని ఇవాళే కాల్చేయాలన్నారు.

సంఘ కార్యదర్శి చేతులు కట్టుకుని నవ్వాడు. "పురుక్కి భయపడి దేవుడి కట్టెలు తగలెట్టమంటారేంటండీ టీచర్ గారూ?"

"వంటకేగా అండీ? ప్రేమ విందు వచ్చే ఆదివారమే పెట్టుకుందాం. బియ్యం నేను తెస్తాను."

"అంటే ఏసుప్రభువుని ఆర్నెల్లు ముందే పుట్టించేద్దామంటారు! ఓ బిడ్డని కని ఉంటే తెలిసేదండీ మీకు, దేనికైనా నెలలు నిండాలని."

అందరూ నవ్వారు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది ఎవరో, ఆ సమయంలో పాస్టరు గారు ఎటు చూశారో ఇప్పటికీ చెప్పగలను. ఆమె కూర్చోలేదు. నవ్వులు ఆగేదాకా ఆగి, "కాల్చకపోతే మిగతా చెట్లు పోతాయండీ" అని, అప్పుడు కూర్చున్నారు.

సాయంత్రం నేను మా చర్చిల పై ఆఫీసుకు ఫిర్యాదు రాసి ఆమెకు చదివి వినిపించాను.

"ఇందులో చెట్టేదిరా? అంతా నవ్వినవాళ్ళే ఉన్నారు."

"తప్పు చేసింది వాళ్ళే కదండీ."

"ఆ పేర్లు కొట్టేయ్. చెట్టు సంగతి రాయి. చెప్పడం మానొద్దు, గొంతు పెంచొద్దు."

కొట్టేసి పంపాను. జవాబు రాలేదు. ఆ పేర్లు ఇక్కడ కూడా రాయకపోవడానికి కారణం ఆమె మాటే. లేకపోతే రాసేవాణ్ణి.

ఆమె మాత్రం ప్రతి ఆదివారం లేచి అదే మాట, అదే గొంతుతో చెప్పారు. ఆమె లేవగానే మగవాళ్ళు చెప్పులు వెతుక్కునే వంకతో పక్క తలుపులోంచి జారుకునేవారు. వానలు వెనకబట్టేసరికి మొద్దుల పక్క చెట్టుకు బంక మొదలైంది. తరవాత దాని పక్కదానికి.

క్రిస్మస్‌కు ఆ కట్టెల మీదే వండారు. సగం మాడిన చెట్ల కింద పంక్తులు వేశారు. టీచర్ గారు పప్పుచారు వడ్డిస్తూ కార్యదర్శి దగ్గర ఆగి, "ఇంకొంచెం వెయ్యనా అండీ? ఆకు ఖాళీగా ఉంది" అన్నారు. నేను ఆకు మడిచేశాను. లేచిపోయాను.

వేసవికి వరసంతా పోయింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే, కొట్టిన చోటే మొద్దులకు నిప్పు పెట్టించాడు కార్యదర్శి. టీచర్ గారు ఆయన్ని ఒక్క మాటైనా అంటారని పక్కనే నిలబడి ఎదురుచూశాను. ఆమె మంట వైపు చూస్తూ, "పచ్చి మొద్దులు అంటుకోవట్లేదురా. ఎండు కొబ్బరాకులు పట్రా" అన్నారు. తెచ్చాను. ఆమె కళ్ళు పొగకే ఎర్రబడ్డాయని అందరూ అనుకున్నారు. తరవాత ఆవరణంతా సిమెంటు పరిచారు.

కొన్నేళ్ళకు, ఒక మే నెలలో ఆమె పోయారు. శవపెట్టెను ఆ సిమెంటు మీదే దించారు. జనం గోడ నీడకు సర్దుకున్నారు. నేను పెట్టె పక్కన నిలబడ్డాను. కాసేపటికి నా మీద నీడ పడింది. తిరిగి చూస్తే కార్యదర్శి. ముసలివాడైపోయాడు. నా మీద గొడుగు పట్టి, తాను ఎండలో ఉన్నాడు.

"ఎండదెబ్బ తగులుద్ది బాబూ, ఇటు జరుగు."

టీచర్ గారైతే ఆ గొడుగు కిందికి వచ్చి, ఆయన్ని కూడా దగ్గరికి రమ్మనేవారు. ఆ క్షణంలోనే నాకది తెలుసు. తెలిసీ పక్కకు జరిగి ఎండలో నిలబడ్డాను. ఆయన గొడుగును పెట్టె మీదికి జరిపి, పాట అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు.

ఇప్పటికీ ఊళ్ళో ఎదురైతే ఆయన పలకరిస్తాడు. నేను తల ఊపుతాను. టీచర్ గారి దగ్గర నేర్చుకోవలసినదాంట్లో ఇంతవరకు నాకు వచ్చింది అంతే.